వాకిట్లో ప్లాస్టిక్ గడ్డికి అతుకు వేయించిన కథ

"దీని లైఫ్ అయిపోయింది మేడమ్. మొత్తం తీసేసి కొత్తది వేసుకోండి" అన్నాడు గడ్డి అమ్మిన షాపు మనిషి. గేటు దాటి లోపలికి కూడా రాలేదు. అక్కడే నిలబడి, ఫోన్లో లెక్క కట్టి, పద్దెనిమిది వేల చిల్లర అన్నాడు. పాతది తీసి పారెయ్యడానికి అయ్యే ఖర్చు అందులో లేదట, అది వేరే.

మా ఇల్లు విజయనగరంలో తోటపాలెం వైపు. గేటుకీ మెట్లకీ మధ్య 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు వాకిలి ఉంది. ఒకప్పుడు అక్కడ గరిక ఉండేది. పడమటి ముఖం ఇల్లు కాబట్టి మధ్యాహ్నం నుంచి ఎండ దంచేస్తుంది. వేసవిలో కుళాయి నీళ్లు ఇంట్లోకే చాలవు, ఇంక గరికకెక్కడ పోస్తాం? మాడిపోయేది. వానలొస్తే బురద. 2019లో మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు ఈ గొడవంతా ఎందుకని ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించేశాడు. 35 మిల్లీమీటర్ల ఎత్తు రకం. రోల్ వెడల్పు ఆరున్నర అడుగులే ఉంటుంది కాబట్టి రెండు పట్టీలు పక్కపక్కన పరిచారు. దాంతో నడిమధ్యన, గేటు నుంచి మెట్ల దాకా, 15 అడుగుల పొడవునా ఒక అతుకు పడింది. రెండు పట్టీలూ కలిపితే 13 అడుగులు, వాకిలి 12 అడుగులు. మిగిలిన అడుగు వెడల్పు ముక్కని షాపువాళ్లు చుట్టి బండిలో వేసుకుపోయారు. అప్పట్లో మాకు అది చెత్తే అనిపించింది, ఎవరూ అడగలేదు. ఎవరైనా కొత్తగా గడ్డి వేయించుకుంటుంటే మాత్రం ఆ మిగులు ముక్క ఇంట్లో పెట్టించుకోమని గట్టిగా చెబుతున్నాను. డబ్బు పెట్టి కొన్నది మీరు. రేపు ఏ చిల్లు పడినా అదే రంగు, అదే ఎత్తు, అదే కుట్టు ఉన్న ముక్క బజారులో దొరకదు.

గడ్డి పాడైందంటే అంతా ఒక్కసారి పాడవలేదు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది కదా, ఆ వానలకి వాకిట్లో నీళ్లు నిలిచిపోయి అతుకు మొదటిసారి లేచింది. నొక్కితే మళ్లీ కూర్చుంది కాబట్టి వదిలేశాం. ఆ తర్వాత ప్రతి వేసవికీ కొంచెం కొంచెం విచ్చుకుంటూ వచ్చి, అంచులు రెండూ పైకి మెలితిరిగాయి. గేటు దగ్గర స్కూటర్ పెట్టే చోట పోచలు నేలకి అణిగిపోయాయి, పైగా అక్కడొక పల్లం. వాన వెలిసిన మర్నాడు కూడా అక్కడ కాలు పెడితే చెప్పులోకి నీళ్లొచ్చేవి. గోడ వారన తుంగ మొలిచింది, ప్లాస్టిక్ గడ్డిని పొడుచుకుని నిజం గడ్డి! ఇవి చాలవన్నట్టు నాగుల చవితి నాటి చిచ్చుబుడ్డి. దీపావళికి మిగిలిన మందుగుండు సామాను నాగుల చవితికి కాల్చడం మా వైపు అలవాటే. ఎదురింటి పిల్లలు మా గేటు పక్కన సిమెంటు మీదే పెట్టారు, తప్పు వాళ్లది కాదు. అది పక్కకి ఒరిగి, గేటుకి కాస్త లోపల అరచేతికి రెండింతల మేర గడ్డిని కాల్చేసింది. ఈ పోచలు పాలిథిలీన్, 110 నుంచి 130 డిగ్రీల మధ్యే కరిగిపోతాయి. చిచ్చుబుడ్డి రవ్వల వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. కరిగిన పోచలన్నీ ఒకదానికొకటి అంటుకుని, నల్లటి పెంకు కట్టి, అరికాలికి గుచ్చుకునేలా తయారైంది.

కాలిన మచ్చ ఎబ్బెట్టుగా ఉందన్నమాటే గానీ టెన్షన్ పెట్టింది అది కాదు. ఎనభై దాటిన మా అత్తగారు పొద్దున్నే తులసికోటకి నీళ్లు పొయ్యడానికి ఆ అతుకు దాటే వెళ్లాలి. రెండుసార్లు బొటనవేలు తగులుకుని తూలారు. ఆ వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో మా వీధిలోనే చూశాం. అందుకని ఏదో ఒకటి చెయ్యక తప్పదనుకున్నాం.

షాపతను వెళ్లిపోయాక మా ఆయన ఒక మాటన్నారు: "పరుపు చిరిగిందని ఇల్లు మారతామా, ముందు దీని అడుగు ఎలా ఉందో చూద్దాం." ఆయన ఎలక్ట్రిసిటీ బోర్డులో పనిచేసి రిటైరయ్యారు, ఏ వస్తువునీ విప్పి చూడందే పారెయ్యరు. మూల దగ్గర మేకులు పీకి గడ్డిని తిరగేశాం. వెనక నల్లటి గుడ్డ, దాని మీద రబ్బరు పూత ఉంటాయి. పోచల్ని గుడ్డలో కుట్టి, ఊడిపోకుండా ఆ పూతతో పట్టి ఉంచుతారు. పూత బాగుంటే గడ్డి బతికున్నట్టే. దాన్ని బయటపెట్టే పరీక్ష సులువైనదే. గుడ్డని వెనక్కి మడిచి నొక్కితే పూత పగిలి పొడి రాలుతోందా? పోచలు నాలుగు కలిపి పట్టుకుని లాగితే గుత్తిగా ఊడొస్తున్నాయా? ఈ రెండిట్లో ఏది జరిగినా రిపేరు మాట మర్చిపోవాలి, అప్పుడు షాపతను చెప్పిందే నిజం. మాది మడిచినా పగల్లేదు. లాగితే ఒకటీ అరా పోచ వచ్చింది తప్ప గుత్తులు రాలేదు. పైన రంగు వెలిసింది గానీ సరుకు గట్టిగానే ఉంది. మంచి రకం ఎనిమిది పదేళ్లు వస్తుందని అమ్మేటప్పుడు చెప్పింది వాళ్లే కదా!

ఇంక చేసేవాళ్లెవరు? టైల్స్ మేస్త్రిని అడిగితే నవ్వాడు. కార్పెట్లు వేసేవాళ్లు మూడు మాటలు చెప్పి రాలేదు. చివరికి మా మరిది కొడుకు దారి చూపించాడు. వాడు రాత్రిళ్లు బాక్స్ క్రికెట్ ఆడతాడు. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ నెట్లు కట్టి, లైట్లు పెట్టి, గంటకింత అని అద్దెకిస్తున్నారు కదా, అక్కడ కింద ఉండేది కూడా ఈ గడ్డే. బ్యాటింగ్ చేసే చోట, బౌలరు కాలు పడే చోట నెలా రెండు నెలలకి చిరిగిపోతుంటుంది, అతుకులు వేస్తూనే ఉంటారు. ఆ పని చేసే కుర్రాడిని పట్టుకొచ్చాడు. అతనికి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా గ్రౌండు దగ్గరే పని, పగలు ఖాళీ. ఇంటి గడ్డి పాడైతే షాపు వెంట తిరిగే బదులు మీ ఊళ్లో క్రికెట్ టర్ఫ్ చూసుకునేవాళ్లని అడగండి. రోజూ చేసే చెయ్యి అది.

ఆ మాటకొస్తే ఈ సరుకు పుట్టిందే ఆటల కోసం. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో పైకప్పు ఉన్న బేస్‌బాల్ స్టేడియం ఒకటి కట్టారు. కప్పులోంచి వెలుగు చాలక లోపలి గడ్డి చచ్చిపోతే, 1966లో ఈ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ కూడా దీని మీదికి మారిపోయింది. అక్కడి నుంచి మా తోటపాలెం వాకిట్లోకి రావడానికి నలభై ఏళ్లు పైనే పట్టింది.

సంక్రాంతి వెళ్లాక పని పెట్టుకున్నాం. వానలుండవు, ఎండ మరీ ముదరదు. మే నెలలో అయితే బంక పూసిన మరుక్షణం ఆరిపోతుందట, వానాకాలంలో అసలు పట్టదట. అయితే జనవరి నెలాఖర్లో మా వైపు మంచు బాగా కురుస్తుంది. పొద్దున్న గడ్డి కింద చెయ్యి పెడితే తడి తెలుస్తుంది. అందుకని ఆ కుర్రాడు ఏ రోజూ పది దాటకుండా బంక డబ్బా మూత తియ్యలేదు. అప్పటిదాకా అంచులు మడిచి పెట్టి అడుగు ఆరనిచ్చేవాడు.

మధ్య అతుకు పూర్తిగా విప్పగానే అతను తల అడ్డంగా ఊపాడు. "చూడండి మేడమ్, తెల్ల అంచు కొయ్యకుండానే అతికేసినారు." రోల్‌కి రెండు పక్కలా పోచలు లేకుండా అంగుళం వెడల్పున గుడ్డ అంచు ఉంటుంది. దాన్ని కోసెయ్యడమే కాదు, దాని పక్కనున్న రెండు మూడు వరసల పోచల్ని కూడా కలిపి కోసెయ్యాలట, ఎందుకంటే చివరి వరసలు ఫ్యాక్టరీలోనే కాస్త బలహీనంగా పడతాయి. మాకు వేసినవాళ్లు ఒక పట్టీకి అంచు కోసి, రెండోదానికి వదిలేశారు. కింద వేసిన టేపు చూస్తే రెండు అంగుళాలు కూడా లేదు, అట్టపెట్టెలకి వేసే రకం. ఎండకి గడ్డి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఆ లాగుడికి ఆ టేపు ఎక్కడ ఆగుతుంది? ఇన్నేళ్లు ఆగడమే ఎక్కువ.

అయినా అతను ముందు అతుకు ముట్టుకోలేదు. "అడుగు సరిచెయ్యకుండా పైన ఎంత అతికినా ఆరు నెలలే" అని, పల్లం ఉన్న పట్టీ మొత్తం చుట్టించి మెట్ల మీద పెట్టించాడు. కింద క్రషర్ డస్టు, అంటే కంకర మిల్లులో వచ్చే రాతిపొడి, పరిచి ఉంది. రెండు మూడు చోట్ల పారతో తవ్వితే పల్లానికి కారణం తెలిసింది. గడ్డి వేసే ముందు ఏడాది కుళాయి పైపు కోసం తీసిన గోతిని మట్టితో పూడ్చారు గానీ దిమ్మిస కొట్టలేదు. ఆ మట్టి ఏళ్ల తరబడి కుంగుతూ వచ్చింది, పైన డస్టు, దాని పైన గడ్డి, దాని మీద స్కూటర్ బరువు. గడ్డిది ఏ పాపమూ లేదు.

ఇది తాపీ పని, అందుకని మేస్త్రిని పిలిచాం. వదులు మట్టి ఎత్తిపోయించి, అడుగున అరంగుళం సైజు కంకర చిప్స్ పోసి, పైన డస్టు రెండేసి అంగుళాల మందాన వేస్తూ, నీళ్లు చిలకరిస్తూ, ఒక్కో వరసకీ దిమ్మిస కొట్టించాం. ఒకేసారి ఆరంగుళాలు పోసి పైన కొడితే పైపైనే గట్టిపడుతుంది, లోపల బోలుగానే ఉంటుంది. తర్వాత పొడవాటి బద్ద పెట్టి, దాని మీద రసమట్టం పెట్టి, మెట్ల నుంచి గేటు వైపు వాలు చూశారు. నూటికి ఒకటి వాలు చాలు. అంటే మా 15 అడుగులకి దాదాపు రెండంగుళాలు. కంటికి తెలియదు గానీ నీటికి తెలుస్తుంది. మేస్త్రి బద్దని అడ్డంగా, ఐమూలగా తిప్పి తిప్పి చూస్తూ, ఎక్కడ వెలుతురు కనబడితే అక్కడ గుప్పెడు డస్టు వేసి లాగుతూ, అరపూట ఆ పనే చేశాడు. కూలి ఎక్కువైందని మొదట అనుకున్నాను గానీ ఈ రిపేరు మొత్తంలో బాగా గిట్టిన డబ్బు అదే.

తుంగ సంగతి మా అత్తగారు చూసుకున్నారు. పైన పీకితే తుంగ పోదు, కింద గడ్డలుంటాయి, ఒకదానికొకటి తీగలతో కలిసి ఉంటాయి. గోడ వారన పట్టీ లేపి, పీట వేసుక్కూర్చుని, చిన్న గునపంతో ఒక్కో గడ్డా తవ్వి తీశారు. "అమ్మాయ్, ఇవి తుంగముస్తలే, పారెయ్యకు. కడిగి ఎండబెట్టు, సున్నిపిండిలోకి పనికొస్తాయి" అన్నారు. నలిపి వాసన చూస్తే నిజమే, మంచి సువాసన. ఖర్చంతా పోగా ఈ రిపేరులో మాకు మిగిలిన ఆదాయం గిన్నెడు తుంగముస్తలు. గడ్డలు తీసిన చోట మందపాటి జియో గుడ్డ, అంటే కలుపు లేవకుండా నేల మీద పరిచే గుడ్డ, రెండు పొరలు వేయించాం. తుంగ మొన ఆ గుడ్డని కూడా పొడవగలదట. అందుకే ముందు గడ్డలు తీసెయ్యడం, తర్వాతే గుడ్డ.

ఇక అతుకు. ఇది దగ్గర కూర్చుని చూశాను. గడ్డిని తిరగేసి చూస్తే వెనక కుట్ల వరసలు గీతలుగా కనబడతాయి, ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య సన్నటి సందు. కట్టర్ బ్లేడు ఆ సందులోనే నడవాలి. గీత మీదికి ఎక్కిందా, ఆ వరస పోచలన్నీ ఊడిపోతాయి. పైనుంచి కోస్తే పోచలు తెగుతాయి కాబట్టి ఎప్పుడూ వెనక నుంచే కొయ్యాలి. ఆ కుర్రాడు స్కేలు కూడా పెట్టలేదు, ఎడమ చేతి బొటనవేలితో సందుని తడుముతూ కుడిచేత్తో బ్లేడు లాగుతూ వెళ్లాడు. మూడు నాలుగు అడుగులకోసారి బ్లేడు మొన విరిచి కొత్త మొన తీశాడు. రబ్బరు పూతా, అందులో ఇరుక్కున్న ఇసుకా బ్లేడు పదును తినేస్తాయట. మొద్దుబారిన బ్లేడుతో కోస్తే అంచు పీచుపీచుగా వస్తుంది.

రెండు అంచులూ కోశాక పక్కపక్కన పెట్టి, మధ్య ఎంత సందు వదలాలో చూపించాడు. వరసకీ వరసకీ మధ్య ఎంత ఉందో అంతే. ఎక్కువ వదిలితే పాపిడి తీసినట్టు గీత కనబడుతుంది, మరీ దగ్గరకి నొక్కితే గట్టు లేస్తుంది. అది కుదిరాక రెండు అంచుల్నీ అడుగు మేర వెనక్కి మడిచి, మధ్యలో టేపు పరిచాడు. ఈసారి అడుగు వెడల్పు గుడ్డ టేపు, టర్ఫ్‌ల కోసమే వచ్చేది. అది జరక్కుండా రెండు కొసలా మేకులు కొట్టాడు.

బంక విషయంలో ఒక మాట. కార్పెంటర్లు చెక్కకి వాడే తెల్ల బంక దీనికి పనికిరాదు, తడి తగిలితే మెత్తబడిపోతుంది. పెద్ద గ్రౌండ్లలో రెండు డబ్బాలు కలిపి వాడే పాలీయూరిథేన్ బంక వేస్తారు. అది అన్నిటికన్నా గట్టిది గానీ కలిపాక అరగంటలో వాడెయ్యాలి, మా చిన్న పనికి చాలా భాగం వృథా. అందుకని రెగ్జిన్‌కీ సన్‌మైకాకీ వాడే రబ్బరు బంక వాడాం. టేపు మీదా, గడ్డి వెనకా, రెండిటికీ పల్చగా పూసి, వేలు పెడితే జిగట తెలుస్తూ వేలికి అంటని దశ దాకా ఆగి, అప్పుడు నొక్కాలి. ఆత్రపడి తడిగా ఉండగానే నొక్కితే లోపల ఆవిరి చిక్కుకుని పట్టు రాదు. దీని వాసన ఘాటుగా ఉంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. తులసికోట దగ్గర ఆ పూట దీపం పెట్టొద్దని అతను ముందే మా అత్తగారిని అడిగాడు. ఆవిడ పెద్ద మనసుతో ఒప్పుకున్నారు గానీ మర్నాడు రెండు దీపాలు పెట్టారు.

నొక్కేటప్పుడు పోచలు బంకలో చిక్కుకోకుండా చూడటమే అసలు చాకచక్యం. అతను ఒక అంచుని ముందు అతికి, రెండోదాన్ని జానెడు జానెడుగా దించుతూ, చిక్కిన పోచల్ని పాత టూత్‌బ్రష్‌తో పైకి తీస్తూ వెళ్లాడు. ఒక్క పోచ బంకలో చిక్కినా అక్కడొక గుంట కనబడుతుంది. పూర్తయ్యాక అతుకు పొడవునా పాలిథిన్ కవరు పరిచి, దాని మీద ఇసుక నింపిన గోనెసంచులు పెట్టాం. గోనెలు నెల్లిమర్లలో పనిచేసే మా చుట్టాల దగ్గర్నుంచి తెచ్చినవి. మర్నాటి దాకా ఎవరూ తొక్కకుండా గేటు దగ్గర తాడు కట్టాం, పాలవాడికి కూడా అడ్డమే.

కాలిన చోటికి ముక్క కావాలి కదా. కొత్త ముక్క కొంటే ఎత్తు కుదరవచ్చు గానీ రంగు కుదరదు. ఏళ్ల ఎండకి వెలిసిన ఆకుపచ్చ మధ్యలో కొత్త ఆకుపచ్చ పెడితే కాలిన మచ్చ కంటే అదే ఎక్కువ కనబడుతుంది. ఆ కుర్రాడు వాకిలంతా ఒకసారి తిరిగి, గోడ వారన ఉన్న క్రోటన్ కుండీ ఒకటి పక్కకి జరిపాడు. కుండీ కింద గుండ్రంగా, 2019లో పరిచిన నాటి ముదురు రంగు అలాగే ఉంది. దాని చుట్టూ మిగతా వాకిలంతా ఏ రంగో అదే రంగు. "ఈ కుండీల వెనక గడ్డి ఎవరికీ కనబడదు గానీ ఎండ మాత్రం సమానంగా తగిలింది. ముక్క ఇక్కడ తీసి అక్కడ పెడదాం, కొత్త ముక్క ఈ కుండీల వెనక పెడదాం." నాకు ఆ మాట భలే నచ్చింది. ఈ మొత్తం పనిలో నేను నేర్చుకున్న కిటుకు ఇదొక్కటే, మిగతావన్నీ చేతి పని.

కాలిన మచ్చ చుట్టూ నాలుగు పలకలుగా, బాగున్న గడ్డి కూడా రెండంగుళాలు కలుపుకుని కోశాడు. గుండ్రంగా కోస్తే కుట్ల సందులో బ్లేడు నడవదు, అందుకని ఎప్పుడూ చదరమే. ఆ కోసిన ముక్కనే కొలతగా కుండీల వెనక గడ్డి మీద బోర్లించి, చాక్‌పీసుతో గీసి, అదే సైజు ముక్క తీశాడు. తీసే ముందే రెండిటి వెనకా బాణం గుర్తు వేశాడు. ఈ గడ్డికి ఒక వాలు ఉంటుంది. చేత్తో నిమిరితే పిల్లి వీపు నిమిరినట్టు ఒకవైపు మెత్తగా పోతుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ముక్క వాలు చుట్టూ ఉన్న వాలుతో కలవకపోతే వెలుతురు వేరుగా పడి, ఒకే రంగు గడ్డి కూడా రెండు రంగులుగా కనబడుతుంది. గ్రౌండులో అటూ ఇటూ చూడరు గానీ ఇంటి ముందు రోజూ చూస్తాం. ముక్కని అదే టేపు, అదే బంకతో అతికాడు, మీద బరువుకి మా ఇంటి బియ్యం బస్తా. మర్నాడు బ్రష్ చేశాక మా ఆయన అది ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. వంగి చూస్తే నాకు కనబడుతుంది, మూల దగ్గర సన్నటి గీత. నిలబడి చూస్తే లేదు.

అణిగిపోయిన పోచల్ని లేపడానికి ఖరీదైన బ్రష్‌లేమీ కొనలేదు. కొబ్బరి ఈనెల చీపురు, వాలుకి ఎదురుగా గట్టిగా ఊడవడం, ఎండ కాస్త వేడెక్కాక. పోచ గోరువెచ్చగా ఉన్నప్పుడు తొందరగా లేస్తుంది. ఇనుప బ్రష్ పెడితే పోచలు చీలిపోతాయి. ఇస్త్రీపెట్టె, మరిగే నీళ్లు అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లున్నారు, ఆ జోలికి పోకండి, కరిగిందంటే మళ్లీ అతుకే. లేచిన పోచ లేచే ఉండాలంటే దాని మొదలు దగ్గర ఇసుక దన్ను కావాలి. మాకు వేసినప్పుడు చల్లిన ఇసుక గేటు దగ్గర మొత్తం కొట్టుకుపోయింది. చంపావతి ఇసుక తెచ్చి చల్లుదామని మేస్త్రి అన్నాడు గానీ ఏటి ఇసుకలో ఒండ్రు ఉంటుంది, అది దిగి గడ్డి వెనకున్న నీటి చిల్లుల్ని పూడ్చేస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు. కావలసింది కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుక. బోరు నీళ్ల ఫిల్టర్లలో వేసేది అదే, ఫిల్టర్లు అమ్మే షాపులో బస్తాల్లో దొరికింది. చదరపు మీటరుకి నాలుగైదు కిలోలు లెక్కన, పొడిగా ఉన్నప్పుడు జల్లెడతో చల్లి, చీపురుతో లోపలికి దింపాలి. గ్రౌండ్లలో వేసే నల్ల రబ్బరు గుళికలు ఇంటికి వద్దు. ఎండకి కాలిపోతాయి, వాసన, కాళ్లకి అంటుకుని హాల్లోకి వస్తాయి.

గేటు లోపల మొదటి రెండడుగుల మేర చిల్లులు పూడిపోయి ఉన్నాయి. గీరి చూస్తే తెల్లటి గట్టి పొర. ముగ్గు! ధనుర్మాసమంతా సిమెంటు మీద వేసిన ముగ్గు, మర్నాడు కల్లాపితో కడిగితే గడ్డిలోకే చేరుతోంది. సన్నటి రాతిపిండి కదా, తడికి పేరుకుపోయింది. సూదితో చిల్లులన్నీ మళ్లీ తెరిచాం. ముగ్గు మానెయ్యమంటే మా ఇంట్లో కుదరదు, అందుకని కడిగే ముందు పొడి చీపురుతో ఊడ్చి ఎత్తెయ్యడం అలవాటు చేసుకున్నాం.

చివరికి నాలుగు బకెట్ల నీళ్లు పోసి చూశాం. గేటు దగ్గర కాసేపట్లో లాగేసింది. మెట్ల పక్కన, వాటర్ ట్యాంకు పైపు కారే మూల మాత్రం ఇంకా కొంచెం నిలుస్తోంది. అది గడ్డి పని కాదు, ప్లంబర్ పని, ఇంకా రాలేదు.

డస్టు, చిప్స్, టేపు, బంక, ఇసుక, కొత్త ముక్క, మేస్త్రి కూలి, ఆ కుర్రాడి కూలి అన్నీ కలిపి ఏడు వేల లోపు అయింది. అందులో సగానికి పైగా గడ్డి కింద పెట్టిందే. ఈసారి మిగిలిన గడ్డి ముక్కని పోచలు బయటికి వచ్చేలా చుట్టి అటక మీద పెట్టాను, లోపలికి చుడితే అణిగిపోతాయి. బంక డబ్బాలో సగం మిగిలింది. మూత తీసినది ఎలాగూ ఎక్కువ కాలం ఉండదు, పక్కింటివాళ్ల మెట్ల మీద మ్యాట్ లేచిపోతోందంటే వాళ్లకిచ్చేశాను.